ఆ రేడియో పనిచేసింది

అద్దాలాయన పడవ కొన్నప్పుడు ఊళ్ళో నవ్వని వాళ్ళు లేరు. పగలంతా చీకటి గదిలో కూర్చుని జనం చేత గోడ మీద అక్షరాలు చదివించే కళ్ళజోళ్ళ షాపాయనకి సముద్రంతో ఏం పని అన్నారు. వాళ్ళావిడైతే, "వంటింట్లో కుళాయి కారుతుంటే కింద బకెట్టు పెట్టి ఊరుకునే మనిషి. రేపు పడవ కారితే ఏం పెడతారు?" అంది.

కానీ ఆయన పట్టు వదల్లేదు. ఆదివారం ఆదివారం బావమరిదిని వెంటేసుకుని వెళ్ళి, తెరచాప ఎత్తడం దించడం, గాలిని బట్టి చుక్కాని తిప్పడం నేర్చుకున్నాడు. బావమరిది లిఫ్టులు రిపేరు చేసే మెకానిక్కు. చేతిలో పని ఉన్నవాడు, నోట్లో మాట ఉన్నవాడు. వాళ్ళిద్దరూ బావా బావమరుదులన్న మాటే గానీ, పడవెక్కితే బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్న పిల్లల్లా ఉండేవాళ్ళు.

ఆ నీళ్ళకి ఇవతల ఒక దేశం, అవతల ఇంకో దేశం. ఫెర్రీ ఎక్కితే పొద్దుటి కాఫీ ఇక్కడ, మధ్యాహ్నం భోజనం అక్కడ. అవతలి ఒడ్డున ఉన్న పిన్ని స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుందని ఫోనొస్తే, అద్దాలాయన భార్య ఒక సంచీలో నాలుగు బట్టలు పడేసుకుని వెళ్ళింది. పది రోజుల్లో వచ్చేస్తానంది. ఆ పది రోజుల్లోనే కరోనా వచ్చిపడింది. ఫెర్రీలు ఆగిపోయాయి. షాపులు మూతపడ్డాయి. సరిహద్దు దాటి ఎవరూ రాకూడదు, పోకూడదు అన్నారు. సొంత పడవలున్న వాళ్ళకైతే, రేవు దాటి బయటికెళ్తే పడవ లాక్కుంటామని గోడల మీద కాగితాలు అంటించారు. దగ్గరలో చేపలు పట్టుకునే వాళ్ళని మాత్రం వదిలారు.

నెలలు గడిచాయి. షాపు లేదు, పలకరించే దిక్కు లేదు. అద్దాలాయన ఇంట్లో కాలు గాలిన పిల్లిలా తిరిగేవాడు. గుడ్లు ఉడకబెట్టుకోవడం తప్ప ఇంకో వంట రాదు. తిన్నదే తిని, తిన్న కంచం కడగడానికి బద్ధకించి, రోజూ సాయంత్రం భార్యకి ఫోన్ చేసి దెబ్బలాడేవాడు.

"పిన్ని లేచి నడుస్తోందా లేదా?"

"నడవడమా? నా వెనకాలే నడుస్తోంది. గరిటె ఎక్కడ పెట్టావు, మూత ఎందుకు తీశావు అని. ఆ తుంటి ఇంకొన్నాళ్ళు అతుక్కోకుండా ఉంటే బాగుండేదనిపిస్తోంది."

"అయితే నేనొచ్చి తీసుకొస్తాను."

"ఎలా? ఈదుకుంటూనా?"

"పడవుందిగా."

అవతల గరిటె కింద పెట్టిన చప్పుడైంది. తర్వాత, "వద్దండీ," అంది. "దొంగతనంగా ఎందుకు? ఇన్నాళ్ళు ఆగాం. ఇంకొన్నాళ్ళు ఆగితే ఏమైంది? నాకేం ఇక్కడ తిండి లేకా, నీడ లేకా?"

ఆమె వద్దన్న మాట ఆయనకి స్పష్టంగానే వినపడింది. కానీ మొహమాటానికి అందని సరిపెట్టుకున్నాడు. బావమరిది కూడా మొదట గునిశాడు గానీ, అక్కని చూసి నెలలై, వాన వెలిసిన ఆకాశాన్ని కిటికీలోంచి చూసీ చూసీ, చివరికి సరేనన్నాడు.

వెళ్ళేటప్పుడు అంతా నల్లేరు మీద నడకలా సాగిపోయింది. పడవ ఎక్కడుందో బయటివాళ్ళకి చూపించే పెట్టె తీగ పీకేశారు. రేడియో మాత్రం ఉంచారు, మాట్లాడటానికి కాదు, వినడానికి. కాపలా పడవలు దగ్గరికొస్తే తెలియాలి కదా. పిన్ని ఇంటి దగ్గరున్న చిన్న చెక్క వంతెనకి పడవ ఆనించేసరికి, అద్దాలాయన భార్య సంచీ పట్టుకుని నిలబడి ఉంది. మొహంలో సంతోషం కన్నా చిరాకే ఎక్కువగా ఉంది.

"వద్దంటే వినరు కదా," అని మొగుడితో, "నీకైనా బుద్ధుండక్కర్లేదా?" అని తమ్ముడితో అని, పడవెక్కింది. అంత దూరం వచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపలేక ఎక్కింది. ఆ రాత్రి పడవని ఒక మలుపు చాటున ఆపి, తెల్లవారగానే బయల్దేరారు.

నడిమధ్యకి వచ్చేసరికి పొగమంచు కమ్మింది. ముందున్న తెరచాప కొసే కనపడటం లేదు. అద్దాలాయన భార్యకి కడుపులో తిప్పి, మాత్ర వేసుకుని కింద గదిలో పడుకుంది. బావమరిది చుక్కాని దగ్గరున్నాడు. అద్దాలాయన మెట్ల దగ్గర, రేడియో పక్కన కూర్చున్నాడు.

అప్పుడొచ్చింది ఆ గొంతు. గరగరమంటూ, మధ్యమధ్య తెగుతూ.

"ఎవరైనా ఉన్నారా? పడవలోకి నీళ్ళొస్తున్నాయి. ఇంజను ఆగిపోయింది. దీపస్తంభానికి దక్షిణంగా ఉన్నాం, ఇద్దరం. ఎవరైనా వింటుంటే పలకండి."

బావా బావమరుదులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దీపస్తంభానికి దక్షిణమంటే, వాళ్ళున్న చోటుకి మరీ దూరం కాదు.

"వినపడుతోందా అయ్యా? మా అన్నకి ఈత రాదు. వచ్చేవాళ్ళు ముందు ఆయన్ని ఎక్కించుకోండి. నేను ఎలాగోలా ఉంటాను. వినపడుతోందా?"

"బావా, పలుకు," అన్నాడు బావమరిది.

"ఎవరో ఒకరు వింటారులే."

"ఎవరు వింటారు? ఈ తెగే గొంతు ఎంతో దూరం పోదు. ఈ నీళ్ళ మీద మనం తప్ప ఇంకెవరున్నారు?"

అది నిజమని అద్దాలాయనకీ తెలుసు. మామూలు రోజుల్లో అయితే ఆ దారి సంతలా ఉండేది. ఇప్పుడు దారంతా ఖాళీ.

"పలికామంటే పేరేంటి, ఏ పడవ, ఎక్కణ్ణించి వస్తున్నారు అని మొదలుపెడతారు. కింద మీ అక్క ఉంది. ముగ్గురినీ పట్టుకెళ్ళి ఎక్కడో పడేస్తారు."

"లిఫ్టులో ఇరుక్కున్నవాడు బెల్లు కొడుతుంటే ఇవన్నీ లెక్కేసుకుంటామా బావా?"

"ఇది లిఫ్టు కాదురా!"

బావమరిది ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, రెండో చెయ్యి రేడియో వైపు చాచాడు. అద్దాలాయన గభాలున మధ్యలోకి జరిగి, రేడియో మీట తిప్పేశాడు. టక్కుమంది. ఆ గొంతు 'విన' దగ్గర ఆగిపోయింది.

ఆ తర్వాత పడవ ఒడ్డు చేరేదాకా వాళ్ళిద్దరూ మాట్లాడుకోలేదు. రేవులోకి రాగానే బావమరిది తాడు కూడా కట్టకుండా దిగి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

"వాడికేమైంది?" అంది అద్దాలాయన భార్య, కళ్ళు నులుముకుంటూ పైకొచ్చి.

"నిద్ర లేదు కదా," అన్నాడాయన.

ఇంటికొచ్చాక ఆమె కొన్నాళ్ళు గడప దాటలేదు. పక్కింటివాళ్ళకి ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చారు. పట్టుమని నెల తిరక్కుండానే ఫెర్రీలు మళ్ళీ మొదలయ్యాయి. "చూశారా? నేను చెప్పలేదూ?" అని ఆమె నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు.

తిరిగొచ్చిన రెండు వారాలపాటు ఆయన వార్తలు చూడలేదు, పేపరు ముట్టుకోలేదు. చూస్తే ఏం కనపడుతుందోనని భయం. చివరికి పాలు తెచ్చే ఆయన మాటల్లో తెలిసింది, చేపలవాళ్ళ పడవ ఒకటి మునిగిందనీ, ఇద్దర్నీ సరుకుల ఓడ ఏదో చూసి పైకి లాగిందనీ, ప్రాణాలకి ఏం కాలేదనీ. అద్దాలాయనకి ఒక్కసారి ఒళ్ళు తేలికైపోయింది. ఆ రోజు రెండు సార్లు అన్నం పెట్టించుకుని తిన్నాడు. బతికారు కదా, ఇంకేం కావాలి అనుకున్నాడు. కానీ ఆ తేలిక మర్నాటికే దిగిపోయింది. వాళ్ళు బతికింది ఓడవాడి పుణ్యాన. తన లెక్క ప్రకారమైతే వాళ్ళు నీళ్ళలోనే ఉన్నారు.

బావమరిది ఇంటికి రావడం మానేశాడు. ఫోన్ చేస్తే పనిలో ఉన్నానంటాడు. "మీరేమన్నారు వాణ్ణి?" అని భార్య నిలదీస్తే, "నేనేమంటాను?" అని షాపుకి వెళ్ళిపోయేవాడు. షాపు తెరవడానికి అప్పటికి అనుమతి వచ్చింది.

ఒక రోజు మధ్యాహ్నం, మాస్కు కట్టుకున్న మనిషి ఒకడు షాపులోకి వచ్చాడు. బలమైన భుజాలు, ఎండకి కాగిన చర్మం. వయసు యాభైకి దగ్గరపడి ఉంటుంది.

"కళ్ళజోడు పోయిందండీ. కొత్తది కావాలి. పాత పవర్ ఎంతో గుర్తులేదు, చీటీ కూడా నీళ్ళపాలైంది."

అద్దాలాయన ఆయన్ని చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, బరువైన పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టాడు. ఒక్కో అద్దం వేస్తూ, "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడుగుతున్నాడు. "కళ్ళజోడు ఎలా పోయింది?" అని కూడా అడిగాడు, ఎవరినైనా అడిగినట్టే.

"సముద్రంలో పోయిందండీ. పడవతో పాటు. నన్ను ఊళ్ళో చిన్నోడంటారు. జుట్టు నెరిసినా చిన్నోణ్ణే, మా అన్న బతికున్నంతకాలం. అన్నదమ్ములిద్దరం వేటకెళ్ళాం. పొగమంచు. కింద చెక్క విడిపోయి నీళ్ళొచ్చేశాయి. రేడియోలో అరిచాను, అరిచాను, గొంతు పోయేదాకా అరిచాను. వినపడుతోందా, వినపడుతోందా అని..."

అద్దాలాయన చేతిలో అద్దం జారి నేల మీద పడింది.

"పర్లేదులెండి. నా మొహం ఇంత దగ్గర్నుంచి చూస్తే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది," అని నవ్వాడు చిన్నోడు.

అద్దాలాయన వంగి, చీకట్లో అద్దం వెతుకుతున్నట్టు చాలాసేపు నేల మీదే ఉండిపోయాడు. "మీ అన్నయ్య... బాగానే ఉన్నారా?" అన్నాడు కిందనుంచే.

"ఉన్నాడు. పడవ అంచుకీ డ్రమ్ముకీ మధ్య కాలు పడి నలిగింది. ఇక సముద్రంలోకి వెళ్ళడు. అదొక బాధ. ఇంకో బాధ ఏంటంటే, నాతో మాట్లాడడు. రేడియో తీగలు పాడైపోతున్నాయి, మార్చరా అని ఎన్నోసార్లు చెప్పాడు. నేనే, ఇంకొన్నాళ్ళు లాగుతుందిలే అన్నాను. ఆ రోజు ఎవరూ పలకలేదు కదా. అంటే మాట బయటికే పోలేదన్నమాట. 'చచ్చిన డబ్బాని పట్టుకుని అరిచావు, నా కాలు తీసింది నువ్వే' అన్నాడు ఆస్పత్రిలో. అంతే. ఒకే ఇంట్లో ఉంటాం. తన మాట వదినతో చెప్తాడు, వదిన నాకు చెప్తుంది." చిన్నోడు ముక్కు మీద ఫ్రేము సర్దుకున్నాడు. "తప్పేం లేదు లెండి. నా బద్ధకమే కదా."

అద్దాలాయన నోరు తెరిచాడు. కొత్త అద్దం తీసి ఫ్రేములో వేశాడు. "ఇది బాగుందా?" అన్నాడు.

"బాగుంది," అన్నాడు చిన్నోడు.

ఆ సాయంత్రం అద్దాలాయన భోజనానికి కూర్చుని కంచంలో చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయాడు. "ఏమైందండీ?" అని భార్య అడగ్గానే, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పొగమంచు, గొంతు, తమ్ముడు చాచిన చెయ్యి, తను తిప్పిన మీట, చీకటి గదిలో చిన్నోడు.

ఆమె మొత్తం వింది.

"నువ్వు కింద పడుకుని ఉన్నావు. నిన్ను కూడా పట్టుకెళ్తారని..." అన్నాడాయన చివర్లో.

"ఆ ఒక్కటీ అనకండి," అంది ఆమె. గొంతు పెంచలేదు. "నా కోసం చేశానని మాత్రం అనకండి. నేను వద్దన్నాను. మీకు ఇంట్లో తోచక వచ్చారు. పట్టుబడతామని భయపడి నోరు మూసుకున్నారు. అందులో నేనెక్కడున్నాను?"

ఆయన కంచంలో మెతుకులు ఒక పక్కకి నెట్టాడు.

"ఆ మనిషికి ఇవాళే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే పడవ పోతుంది. కేసవుతుంది. షాపు మొహం ఎవరూ చూడరు."

"చెప్పకపోతే?"

అన్నదమ్ములిద్దరి మధ్యా ఒక గోడ ఉంది. ఆ గోడని కట్టింది తను. చిన్నోడు తన బద్ధకమే అనుకుంటూ దానికి రోజూ మట్టి మెత్తుకుంటున్నాడు. అద్దాలాయన కంచం పక్కకి జరిపి లేచాడు.

మర్నాడు పొద్దున్నే షాపు తెరవకుండా చేపల రేవుకి వెళ్ళాడు. చిన్నోడి ఇల్లు అడగ్గానే చూపించారు. ముందుగదిలో పెద్దాయన, కాలు పీట మీద చాపుకుని, తెగిన వల ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. చిన్నోడు గుమ్మంలో ఎదురొచ్చి, "అప్పుడే తయారైందా కళ్ళజోడు?" అన్నాడు సంబరంగా.

"కళ్ళజోడు కోసం కాదు. మీ ఇద్దరితో ఒక మాట చెప్పాలి."

కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. మొదటి వాక్యం మాత్రం చాలా కష్టపడి బయటికి తెచ్చాడు. "ఆ రోజు మీ రేడియో పనిచేసింది. నేను విన్నాను."

లోపలినుంచి వదినగారు చేతిలో గిన్నెతో వచ్చి తలుపు దగ్గర ఆగిపోయింది.

పెద్దాయన వల పక్కన పెట్టాడు. "ఏం విన్నావు?" అన్నాడు. "విన్నది విన్నట్టు చెప్పు. నీ సొంతం కలపకు."

అద్దాలాయన చెప్పాడు. ఆ మాటలు ఆయన మర్చిపోయింది ఎప్పుడు గనక? దీపస్తంభానికి దక్షిణంగా ఉన్నామన్నది, ఇద్దరమన్నది, "మా అన్నకి ఈత రాదు, ముందు ఆయన్ని ఎక్కించుకోండి, నేను ఎలాగోలా ఉంటాను" అన్నది. వినపడుతోందా అన్నది. ఆ తర్వాత తను రేడియో ఆపేసింది.

పెద్దాయన చాలాసేపు తమ్ముడి వైపే చూశాడు. నెలల తర్వాత మొదటిసారి నేరుగా తమ్ముడితో అన్నాడు. "ఈత రాదని లోకమంతా చాటావట్రా?"

చిన్నోడు గుమ్మం దగ్గరి నుంచే అన్నాడు. "లోకమంతా ఎక్కడ? ఈయనొక్కడే కదా విన్నది."

"ముసలాణ్ణి ముందు ఎక్కించుకోమన్నావా?"

"మరి నీకు ఈత వస్తే అననుగా."

పెద్దాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. భుజాలు కదలడం మాత్రం అందరికీ కనపడింది. వదినగారు గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చిన్నోడు వెళ్ళి అన్న పీట పక్కన నేల మీద కూలబడ్డాడు.

అద్దాలాయన అక్కడ ఎంతసేపు ఉండాలో తెలియక నిలబడ్డాడు. "నా పడవ ఉంది," అన్నాడు చివరికి. "అది మీరు తీసుకోండి."

"గాలికి నడిచే బొమ్మ పడవతో చేపలు పడతామా?" అన్నాడు పెద్దాయన, ఇటు తిరక్కుండానే. "విను. వచ్చి చెప్పావు. చెప్పకపోతే మేం ఇద్దరం ఇలాగే పోయేవాళ్ళం. అది ఒప్పుకుంటాను. కానీ నువ్వు మీట తిప్పినప్పుడు నా కాలు ఇంకా బాగానే ఉంది. అదీ నువ్వు ఒప్పుకోవాలి."

"ఒప్పుకుంటాను."

"ఇక వెళ్ళు. మళ్ళీ ఈ గుమ్మంలోకి రాకు."

చిన్నోడు తల ఎత్తలేదు. అద్దాలాయన చెప్పులు వేసుకుని బయటికొచ్చాడు. పొద్దున భార్యతో చెప్పినట్టే అటునుంచి అటే రేవు ఆఫీసుకి వెళ్ళాడు. వెళ్ళేసరికి మెట్ల మీద వాళ్ళావిడ కూర్చుని ఉంది.

"నువ్వెందుకొచ్చావు?"

"పడవలో నేనూ ఉన్నానుగా. ఎలాగూ నన్నూ అడుగుతారు," అంది.

తమ్ముడి పేరు ఎత్తకూడదని ఇద్దరూ అనుకున్నారు. కానీ లోపల అధికారి రాసుకుంటుండగానే తలుపు తోసుకుని బావమరిది వచ్చాడు. అక్క ఫోన్ చేసి చెప్పిందట. చేతులకి లిఫ్టు గ్రీజు అలాగే ఉంది. "చుక్కాని పట్టింది నేను," అని అధికారితో అన్నాడు.

పడవ పోయింది. జరిమానా పడింది. ఆపదలో పిలిచినవాళ్ళకి పలకనందుకు వేరే కేసు పెట్టారు, అది ఏడాది పైనే నడిచింది. ఊళ్ళో కొందరు పక్క ఊరికి వెళ్ళి కళ్ళజోళ్ళు చేయించుకోవడం మొదలుపెట్టారు. చిన్నోడి కళ్ళజోడు ఎవరో తెలిసినవాడు వచ్చి పట్టుకెళ్ళాడు. డబ్బులు అణా పైసలతో సహా బల్ల మీద పెట్టి మరీ పట్టుకెళ్ళాడు. అద్దాలాయన వద్దనడానికి కూడా సాహసించలేదు. చిన్నోడు ఇంకెవరి పడవలోనో కూలికి వెళ్తున్నాడనీ, సాయంత్రం రాగానే అన్నని భుజం మీద చెయ్యి వేయించుకుని ఒడ్డుదాకా నడిపిస్తున్నాడనీ తెలిసింది. ఒకసారి దూరం నుంచి అద్దాలాయనే చూశాడు. పెద్దాయన ఏదో తిడుతున్నాడు, చిన్నోడు నవ్వుతున్నాడు. అద్దాలాయన వాళ్ళ కంట పడకుండా సందులోకి తిరిగాడు.

రేవు ఆఫీసులో కలిసిన తర్వాత బావమరిది మళ్ళీ ఇంటికి రావడానికి చాలా రోజులు పట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం, అక్క పిలిచిందని వచ్చాడు. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. సగం తిన్నాక, అద్దాలాయన తల వంచుకునే అన్నాడు. "నువ్వు నా మీద కోపంగా ఉన్నావని తెలుసురా. ఉండాలి కూడా."

"కోపమా?" అన్నాడు బావమరిది. ముద్ద కంచంలోనే ఉంచేశాడు. "బావా, నీ కన్నా నాకు బలం ఎక్కువ. ఆ రోజు నేను గట్టిగా తోస్తే నువ్వు పక్కకి పడేవాడివి. నేను తోయలేదు. నువ్వు ఆపావు కదా అని లోపల ఒక మూల నాకు హాయిగా కూడా అనిపించింది. ఈ ఇంటికి వస్తే నీ మొహంలో అది కనపడుతుందని రాలేదు."

అద్దాలాయన ఇన్నాళ్ళూ ఆ తప్పు మొత్తం తనదేనని మోస్తున్నాడు. ఇప్పుడు ఇంకొకడు ఒక పక్క ఎత్తి పట్టుకున్నాడు. అయినా బరువు తగ్గలేదు. తన వల్ల ఆ తప్పు వీడికి కూడా అంటుకుందన్న బాధ పైన చేరింది.

అద్దాలాయన భార్య ఇద్దరి వైపూ చూసింది. ఓదార్చలేదు, తిట్టలేదు. గిన్నె దగ్గరికి లాక్కుని తమ్ముడి కంచంలో ఇంకాస్త వడ్డించింది.

"తిను," అంది. "చల్లారిపోతోంది."